చెట్టుకు శస్త్రచికిత్స
(మామిడి, వేప చెట్లను గొడ్డలి పాలు కాకుండ కాపాడుకొను పద్ధతులు)

పశువుకు జబ్బు చేసిన పశువైద్యుని పిలుతుము. పైరుకు తెగులు తగిలిన మందు చల్లుదుము. కాని ముప్పది, నలుబది ఏండ్లు ఫలమిచ్చిన మామిడి చెట్టుకు కొమ్మ విరిగిన నాడు గాని, మానుకు తొర్ర పడిన నాడు గాని మనకు తోచు వైద్యము గొడ్డలి ఒక్కటియే. తొందరలో వేసిన ఆ దెబ్బయే చాలసార్లు చెట్టు చావునకు కారణమగుచున్నది.

జగిత్యాల ప్రాంతపు మామిడి తోటలు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు పల్లెలలో ఇండ్ల ముందరి వేప చెట్లు, పొలము గట్లపై నున్న చింత, ఇప్ప చెట్లు ఒక్క తరములో పెరిగినవి కావు. వాటిని తిరిగి పెంచుటకు మనకు ఇంకొక జీవితకాలము కావలెను. కావున పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతులు చెట్ల శస్త్రచికిత్స గూర్చి తెలిసికొనుట అవసరము. ఇందులకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. మంచి రంపము, గట్టి మోకు, కొంచెము ఓపిక ఉన్న చాలును.

చెట్టు గాయము ఎట్లు మానును?

మన చేతికి తెగిన గాయము కొత్త చర్మము వచ్చి మానును. చెట్టు అట్లు కాదు. చెడిన కొయ్యను తిరిగి బాగుచేసికొను శక్తి చెట్టుకు లేదు. అది చెడిన భాగము చుట్టు లోపల ఒక గోడ వంటిది కట్టి, కుళ్లు ముందుకు పోకుండ ఆపును. పైన కొత్త బెరడు పెంచి గాయమును మూసివేయును. అమెరికా అటవీ శాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది చెట్లను రంపముతో చీల్చి పరిశీలించి, 1977లో ఈ సంగతిని వివరించెను. అంతకు పూర్వము ప్రపంచమంతట చెట్ల వైద్యులు కొమ్మను మానుకు ఆనించి నున్నగా కోయుటయే మంచిదని తలచిరి. అది తప్పని ఇప్పుడు తేలినది.

కొమ్మ మొదలు మానును కలియుచోట ఉంగరము వలె కొంచెము ఉబ్బిన భాగము కనిపించును. దీనిని కొమ్మ మెడ అందము. కుళ్లును ఆపు శక్తి ఈ మెడయందే కలదు. మెడను కోసివేసిన ఆ గోడ కూలినట్లే. అట్లని కొమ్మను జానెడు మోడుగా వదలినను ప్రమాదమే. మోడు ఎండి, దాని గుండా బూజు, చెదలు, పురుగు మానులోనికి దిగును. కావున కోత మెడకు వెలుపల, మెడను తాకీ తాకనట్లుగా ఉండవలెను.

పెద్ద కొమ్మను కోయు విధానము

బరువైన కొమ్మను పైనుండి ఒక్క కోతతో కోసినచో, సగము తెగగానే అది తన బరువుకు వంగి, మాను బెరడును బారెడు పొడవున చీల్చుకొని పడును. ఇట్లు చీలిన మామిడి చెట్లను జగిత్యాల తోటలలో నేను చాల చూచితిని. ఇది జరుగకుండ మూడు కోతలుగా కోయవలెను.

1. మానుకు సుమారు ఒక అడుగు దూరములో కొమ్మ అడుగు వైపు నుండి మందములో మూడవ వంతు వరకు కోయవలెను.
2. ఆ కోతకు రెండు మూడు అంగుళములు వెలుపలగా పైనుండి కోయవలెను. కొమ్మ బెరడు చీల్చకుండ విరిగి పడును.
3. మిగిలిన మోడును చేతితో పట్టుకొని, కొమ్మ మెడకు వెలుపల శుభ్రముగా కోయవలెను.

గొడ్డలితో నరికిన చోట కొయ్య నలిగి నీరు నిలుచును. రంపపు కోత నున్నగా ఉండి త్వరగా మూసికొనును. ఎండు తెగులు సోకిన కొమ్మను ఎండిన భాగమునకు మూడు నాలుగు అంగుళములు క్రిందుగా, పచ్చి కొయ్యలో కోయవలెను. తెగులు చెట్టును కోసిన రంపమును స్పిరిటుతో తుడువక మరియొక చెట్టుకు వాడరాదు.

గాయమునకు పూత

తారు, ఇంటి రంగులు, పేడ పూయుట వలన ప్రయోజనము లేదు. తారు వేసవిలో కాగి లేత బెరడును మాడ్చును. మామిడి తోటలలో మాత్రము పెద్ద కోతలకు బోర్డో ముద్ద పూయుట మంచిది. ఇది గాయమును మాన్పదు గాని, మెడ తన పని తాను చేసికొనువరకు శిలీంద్రములను అడ్డుకొనును.

ఒక కిలో మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలోను, ఒక కిలో పొడిసున్నమును వేరుగా 5 లీటర్ల నీటిలోను కలుపవలెను. మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలనే వాడవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. రెంటిని ఒకేసారి మూడవ పాత్రలో పోయుచు కర్రతో కలుపవలెను. తోమిన చాకు మొనను అందులో ఒక నిమిషము ముంచి తీయుడు. మొనపై రాగి రంగు పట్టినచో ఇంకను కొంత సున్నము కలుపవలెను. కలిపిన ముద్దను ఆ దినమే వాడవలెను.

తొర్రలలో సిమెంటు పోయరాదు

తొలి దినములలో నేను కూడ ఈ తప్పు చేసితిని. ఒక పెరటి చింతచెట్టు తొర్రను చేవ కనిపించువరకు ఉలితో చెక్కి సిమెంటుతో నింపితిని. చూచినవారు మెచ్చుకొనిరి. కొన్ని ఏండ్లకు ఈదురుగాలికి మాను సరిగా సిమెంటు పైఅంచు వద్దనే విరిగెను. చెట్టు గాలికి ఊగును, సిమెంటు ఊగదు. రెంటి నడుమ ఏర్పడిన సందులో నీరు చేరి కుళ్లు పెరిగెను. పైగా నేను ఉలితో చెక్కినపుడు చెట్టు కట్టుకొన్న గోడను నా చేతులతోనే పగులగొట్టితిని. ఆ రాత్రి మాను క్రింద ఎవరును లేకపోవుట అదృష్టము.

తొర్రలోని వదులు పొట్టును, చెదల మట్టిని చేతితో తీసివేసి, గట్టి కొయ్యను తాకక వదలుటయే సరియైన పద్ధతి. బరువైన కొమ్మలు వంగియున్న క్రింద ఆధారము నిలుపవలెను. మహబూబ్‌నగర్ వద్ద పిల్లలమర్రికి జరిగిన చికిత్స ఇందుకు ఉదాహరణము. చెదల వలన బలహీనమై 2017 చివర దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగినపుడు సందర్శకులను ఆపివేసిరి. 2018లో అటవీ సిబ్బంది నీరు కలిపిన క్లోర్‌పైరిఫాస్ మందును సెలైన్ సీసాల ద్వారా చుక్కలుగా కొమ్మలలోనికి ఎక్కించిరి. వాలిన కొమ్మలకు స్తంభములు కట్టిరి. వందల ఏండ్ల మర్రి అట్లు నిలిచినది. అయితే పండ్ల చెట్లకు ఇట్లు మందు ఎక్కించరాదు. అది కాయలోనికి చేరు ప్రమాదము కలదు.

కాండము తొలుచు పురుగు

మామిడి మాను మొదట రంపపు పొట్టు వంటి పొడి రాలియున్నను, బెరడు నుండి జిగురు కారుచున్నను, ఒక కొమ్మ ఆకులు మాత్రమే పసుపెక్కుచున్నను కాండము తొలుచు పురుగు చేరినదని గ్రహింపవలెను. పొడవైన మీసములు గల బూడిద రంగు పెంకుపురుగు వానలు పడగానే బయటికి వచ్చి, బెరడుకు గాట్లు పెట్టి గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు వ్రేలంత లావై, దాదాపు ఏడాది పాటు కొయ్యను తొలుచును.

కొక్కెము వలె వంచిన సైకిల్ చువ్వను రంధ్రములోనికి పోనిచ్చి పురుగును బయటికి లాగవలెను. అందనిచో పెట్రోలులో తడిపిన దూదిని లోనికి దూర్చి బంకమట్టితో మూయవలెను. ఆ సమయమున బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండరాదు. వారము పిదప చూచి, క్రొత్త పొట్టు రాలుచున్నచో మరల చేయవలెను. పూర్వము ఇందుకు వాడిన డైక్లోర్‌వాస్ మందు 2020 డిసెంబరు 31 నుండి మన దేశములో నిషేధింపబడినది. పాత సీసాలు ఇంటనున్నను వాడరాదు.

బదనిక

మామిడి కొమ్మలపై పెరుగు బదనికను పైపైన విరిచినచో మరల చిగిర్చును. దాని వేరు కొమ్మ లోపల ప్రాకియుండును. కావున అంటుకొన్న చోటికి ఒక అడుగు క్రిందుగా కొమ్మను కోసివేయవలెను. కాయలు పండకముందే తీయవలెను. లేనిచో పక్షులు ఆ జిగురు గింజలను తోటంతయు అంటించును. ఒక్క రైతు తీసిన చాలదు. ప్రక్క తోటల వారు కూడ కలిసి తీయవలెను.

ముదురు తోటలను తిరిగి పడుచు చేయుట

కొమ్మలు ఒకదానికొకటి అల్లుకొని, లోపల ఎండ దూరక, కాపు కొనలకే పరిమితమైన తోటను కొట్టివేయనక్కరలేదు. డిసెంబరులో కొమ్మలను భూమి నుండి 4–5 మీటర్ల ఎత్తున కోసి, బోర్డో ముద్ద పూయవలెను. మన ప్రాంతపు వేసవి ఎండకు బెరడు మాడకుండ మానుకు సున్నము కొట్టవలెను. వచ్చిన చిగుళ్లను వానకాలములో పలుచన చేసి, ఒక్కొక్క కొమ్మకు వెలుపలి వైపునకు సాగు బలమైన 8–10 మాత్రము ఉంచవలెను. రెండు సంవత్సరములు కాపు ఉండదు. కావున తోటనంతయు ఒకేసారి కోయక వరుస విడిచి వరుస కోసిన ఆదాయము పూర్తిగా పోదు. ఇట్లు కోసిన చెట్లకు కాండము తొలుచు పురుగు ఎక్కువగా వచ్చును. పదిహేను దినములకొకసారి మాను చుట్టు చూడవలెను.

వేప ఎండినను చావలేదు

2021 వానకాలములోను, ఆ పిదపను తెలంగాణ అంతట వేప చెట్లు కొనల నుండి ఎండజొచ్చినవి. ఇది ఫోమాప్సిస్ అను శిలీంద్రము వలన వచ్చు కొమ్మ ఎండు తెగులు; రసము పీల్చు తేయాకు దోమ దీనికి తోడైనది. చెట్టు చచ్చినదని తలచి చాలమంది కొట్టివేయించిరి. ఒక వృద్ధ రైతు నాతో, “మా బాపు పెట్టిన చెట్టు సారూ, కొట్టుమంటే చేతులాడుత లేవు” అనెను. గోటితో బెరడు గీకి చూచితిమి. లోపల పచ్చగా ఉండెను. “ఒక్క ఏడు ఓపిక పట్టు కాకా” అంటిని. ఎండిన కొనలు మాత్రము కోసి కాల్చివేసితిమి. మరుసటి వేసవిలో మాను నిండ చిగురు వచ్చెను.

కావున గోటితో గీకి చూడక ఏ చెట్టును కొట్టరాదు. చిన్న చెట్లకైనచో వ్యవసాయాధికారి సలహాపై శిలీంద్రనాశని చల్లవచ్చును. మొదలంట కొట్టక తప్పనిచో 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి విషయము ముందుగా విచారింపవలెను.

చెట్టు కన్న ప్రాణము ముఖ్యము

కరెంటు తీగలకు దగ్గరనున్న కొమ్మను లైన్‌మన్ లైను ఆపినట్లు చెప్పిన తరువాతనే ముట్టవలెను. పచ్చి కొమ్మ గుండా కరెంటు ప్రవహించును. వాన కురిసిన దినమున, గాలి వీచునపుడు ఎక్కరాదు. గీత కార్మికులు మోకు లేనిదే తాడి ఎక్కరు. 2024 నుండి వారికి ప్రభుత్వము రక్షణ కవచములు కూడ ఇచ్చుచున్నది. మామిడి పొట్టిదని మనము ఉత్త చేతులతో ఎక్కుట తెలివి కాదు. నడుమునకు, పై గట్టి కొమ్మకు మోకు కట్టుకొనవలెను. రంపమును వేరు త్రాటితో పైకి లాగుకొనవలెను. క్రింద ఒక మనిషి దూరముగా నిలిచి పిల్లలను, పశువులను రానీయకుండ చూడవలెను.

రైతు సోదరులు ఈ వానలకు ముందే తమ తోటలో చెట్టు చెట్టునకు తిరిగి, మొదట పొట్టు, కొమ్మపై బదనిక, మానుపై పాత మోడులు ఉన్నవేమో చూచుకొందురు గాక. సందేహము కలిగిన జగిత్యాల పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమును గాని, సమీపపు కృషి విజ్ఞాన కేంద్రమును గాని సంప్రదింపవచ్చును. గొడ్డలి ఎత్తుటకు ముందు ఒక్క దినము ఆగి చూచుట వలన పోవునది ఏమియు లేదు. కొట్టిన చెట్టును మాత్రము ఎవరును తిరిగి నిలుపలేరు.