బాలింత జ్వరం పాల వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, సిజేరియన్ అయి తొమ్మిది రోజులు. పుట్టింట్లో ఉన్నాను. మూత్రానికి వెళ్తే మంట, వెళ్లొచ్చిన కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. రాత్రి చలితో జ్వరం వచ్చింది. పాలు పడేటప్పుడు అంతేనంటోంది అమ్మమ్మ. పొట్ట వస్తుందని నీళ్లు కూడా తాగనివ్వడం లేదు. మందులు వాడితే బిడ్డకు పాలు మాన్పించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ రోజే ఆస్పత్రికి వెళ్లండమ్మా. పాలు పడి రొమ్ములు బిగిసినప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడే మాట నిజమే. అయితే అది మొదటి కొద్ది రోజుల ముచ్చట. తొమ్మిదో రోజున చలి, మూత్రంలో మంటతో వచ్చిన జ్వరాన్ని పాల మీదికి నెట్టేయకూడదు. బాలింతకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ముందు ఇన్‌ఫెక్షన్‌నే అనుమానిస్తాం.

ఆపరేషన్‌కు మూత్రం పైపు వేస్తారు. సూక్ష్మజీవులు లోపలికి చేరడానికి అదొక దారి. పైగా కాన్పయ్యాక కొన్నాళ్లు మూత్రాశయం మొద్దుబారి, పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. నిలిచిన మూత్రంలో అవి పెరుగుతాయి. నీళ్లు తగ్గిస్తే వాటిని కడిగేసే ధారా తగ్గుతుంది. పథ్యంలో వెల్లుల్లి కారం గురించి అమ్మమ్మతో నాకు పేచీ లేదు, నీళ్ల దగ్గరే ఆవిడ మాట వినకండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువే, తీరేదాకా తాగండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వండి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, డాక్టర్ అంతదాకా ఆగకుండానే మందు మొదలుపెడతారు. కుట్లు, గర్భసంచి కూడా చూపించుకోండి, జ్వరం అక్కడి నుంచీ రావచ్చు. చాలా మందులకు పాలు మాన్పించక్కర్లేదు. కానీ బిడ్డ వయసు, నెలలు నిండకుండా పుట్టిందా, పచ్చకామెర్లు ఉన్నాయా అన్నది చెప్పండి. కొన్ని మాత్రలు పసికందులకు పడవు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. నడుం పక్కన నొప్పి, వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కాన్పై మూడు వారాలు. ఎర్రమైల తగ్గి పసుపు తెలుపుగా అవుతోంది. చీమా?

జవాబు: కాదు, అది సహజం. ఆరు వారాల దాకా కూడా ఉండొచ్చు. కుళ్లు వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే మాత్రం చూపించుకోవాలి. ప్యాడ్ మూడు నాలుగు గంటలకోసారి మార్చండి, ముందు నుంచి వెనక్కి కడుక్కోండి. డెట్టాల్ నీళ్లు అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు.