నడుము నొప్పికి సూక్ష్మక్రిములు కారణం కావచ్చా?

నడుము నొప్పి ఎరుగనివారు అరుదు. బరువులు ఎత్తడం, వంగి పని చేయడం, వయసుతో డిస్కులు అరగడం వంటివే ఎక్కువమందిలో కారణాలు. ఈ నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. అయితే కొద్దిమందిలో వెన్నుపూసల్లో చేరిన బాక్టీరియా దీనికి మూలం. మన దేశంలో వాటిలో ముఖ్యమైనది క్షయ, అంటే టి.బి.

వెన్నుకు టి.బి. ఎలా వస్తుంది?

టి.బి. ఊపిరితిత్తులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ క్రిమి రక్తం ద్వారా వెన్నుకు చేరగలదు. పక్కపక్కనున్న పూసలను, మధ్యనున్న డిస్కును నెమ్మదిగా తినివేస్తుంది. పూస కుంగి గూని ఏర్పడవచ్చు. చీముగాని, కుంగిన ఎముకగాని వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. ఇంగ్లండు వైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లోనే దీనిని వర్ణించాడు.

ఏ గుర్తులు గమనించాలి?

1. వారాలు గడిచినా, విశ్రాంతి తీసుకున్నా తగ్గని నొప్పి. రాత్రిళ్లు ఎక్కువ కావడం.
2. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం. జ్వరం, దగ్గు లేనంత మాత్రాన టి.బి. కాదనుకోకండి.
3. వెన్నుపై ఒకచోట నొక్కితే నొప్పి, లేదా ఎత్తుగా కనబడడం.
4. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మలమూత్రాలపై పట్టు తప్పడం. ఇవి కనబడితే అదే రోజు ఆసుపత్రికి రండి.

పశువుల మధ్య పని చేసేవారు, పచ్చిపాలు తాగేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. బ్రూసెల్లా అనే క్రిమి కూడా వెన్నునొప్పి తెస్తుంది.

చికిత్స ఏమిటి?

తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎం.ఆర్.ఐ.లో జబ్బు ముందే తెలుస్తుంది. అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. మందులు సాధారణంగా ఏడాది వరకు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తుంది. పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుండి నెలకు రూ. 1,000కి పెంచింది. చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. నొప్పి తగ్గిందని మధ్యలో మందులు మానితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా పోవచ్చు.

మామూలు నొప్పికి యాంటీబయాటిక్స్ వాడవచ్చా?

వద్దు. డిస్కు జారి, పక్క పూసల్లో మార్పులున్న 162 మందికి యాంటీబయాటిక్ మేలు చేసిందని 2013లో డెన్మార్క్ వైద్యులు ప్రకటించారు. కానీ నార్వేలో అలాంటి 180 మందిపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదు. సొంతంగా వాడితే అసలు జబ్బు మరుగునపడే ప్రమాదమూ ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి నొప్పి మాత్రలతో, తైలాలతో నెట్టుకొస్తున్నారా? పై గుర్తులు చదివి వినిపించండి. సకాలంలో వస్తే వెన్ను టి.బి. నయమయ్యే జబ్బే.