పసిబిడ్డ తలకు దెబ్బ: కేస్ షీట్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పిల్లల ఎమర్జెన్సీలో చేరిన మన జూనియర్ డాక్టర్లకూ నర్సులకూ ఈ కేసు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. నాలుగైదు నెలల బిడ్డ. స్పృహ లేదు. సీటీలో మెదడు పైపొర కింద రక్తస్రావం, అంటే సబ్‌డ్యూరల్. కంటి డాక్టర్ చూస్తే రెటీనాలోనూ రక్తం. ఇంట్లోవాళ్లు సోఫా మీంచి పడిందంటారు, లేదా ఏమీ జరగలేదు, పాలు పట్టాక ఉన్నట్టుండి వాలిపోయిందంటారు. వార్డులో ఎవరో ఒకరు ‘షేకెన్ బేబీ’ అనేస్తారు. అంతే, అందరి చూపూ బిడ్డను చివరగా ఎత్తుకున్న మనిషి మీదికి వెళుతుంది. మీరు ఆ గంటలో రాసిన నాలుగు లైన్లను పదేళ్ల తర్వాత కూడా లాయర్లు కోర్టులో చదివి వినిపిస్తారు.

ముందు రిపోర్టు సంగతి. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా, బిడ్డను హింసించారని సహేతుకమైన అనుమానం ఉంటే డాక్టరూ నర్సూ రిపోర్టు చేసి తీరాలి. రుజువు అక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చేసిన రిపోర్టుకు చట్టం రక్షణ ఇస్తుంది, చేయకపోతే శిక్ష ఉంటుంది. సీనియర్‌కి చెప్పాను కదా అనే జవాబు చాలా రాష్ట్రాల్లో చెల్లదు. బ్రిటన్‌లో ఆసుపత్రి సేఫ్‌గార్డింగ్ టీమ్‌కి, మన దగ్గరైతే ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు)గా నమోదు చేసి పోలీసులకు సమాచారం ఇస్తారు. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు. అమెరికాలో 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, హింస వల్ల తలకు దెబ్బ తగిలిన 173 మంది పిల్లల్లో 54 మందిని ముందు చూసిన డాక్టర్లు గుర్తుపట్టలేదు. ఆ 54 మందిలో 15 మందికి ఆ తర్వాత మళ్లీ దెబ్బలు తగిలాయి. తల్లీతండ్రీ కలిసి ఉన్న తెల్లజాతి కుటుంబాల పిల్లల విషయంలోనే ఎక్కువగా పొరబడ్డారు. కుటుంబం పద్ధతిగా కనిపించిందని వదిలేయడం కూడా పక్షపాతమే.

రిపోర్టు చేయడం వేరు, దోషిని తేల్చడం వేరు. అసలు చిక్కు ఈ రెండూ కలిసిపోయినప్పుడే మొదలవుతుంది.

బిడ్డను గట్టిగా కుదిపితే సబ్‌డ్యూరల్ రావచ్చని బ్రిటిష్ న్యూరోసర్జన్ గుత్‌కెల్చ్ 1971లో రాశారు. రానురాను సబ్‌డ్యూరల్, రెటీనా రక్తస్రావం, మెదడు దెబ్బతినడం అనే మూడూ కనబడితే చాలు, ఎవరో కుదిపారని ఖాయం చేసేయడం అలవాటైంది. బిడ్డ వెంటనే కుప్పకూలుతుంది కాబట్టి చివరగా దగ్గరున్నవాళ్లే చేశారన్నది దానికి తోడైంది.

విస్కాన్సిన్‌లో ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆడ్రీ ఎడ్మండ్స్ కేసు చూడండి. 1995లో ఒక తల్లి ఏడు నెలల పాపను ఉదయం ఆమె దగ్గర వదిలి వెళ్లింది. కాసేపటికి పాప స్పృహ తప్పింది, తర్వాత చనిపోయింది. 1996లో ఎడ్మండ్స్‌ను దోషిగా తేల్చారు, 18 ఏళ్ల శిక్ష పడింది. అప్పుడు ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన పాథాలజిస్టే, తర్వాత మరో బిడ్డ కేసు చూసి, దెబ్బ తగిలాక గంటల తరబడి తెలివిలోనే ఉండే అవకాశం ఉందని మాట మార్చుకున్నారు. 2008లో అప్పీలు కోర్టు కొత్త విచారణకు ఆదేశించింది, ప్రాసిక్యూటర్లు కేసు వదిలేశారు. ఈలోగా ఆమె పదేళ్లకు పైగా జైల్లో ఉంది.

టెక్సస్‌లో రాబర్ట్ రాబర్సన్ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. 2002లో రెండేళ్ల కూతుర్ని ఆసుపత్రికి తెచ్చినప్పుడు అతని ముఖంలో బాధ కనబడలేదని సిబ్బంది అనుమానించారు. పాప చావుకు అతనే కారణమని 2003లో మరణశిక్ష పడింది. అతనికి ఆటిజం ఉందని 2018లో తేలింది. దర్యాప్తు చేసిన డిటెక్టివే ఇప్పుడు అతను నిర్దోషి అంటున్నాడు. శిక్ష అమలు 2024 అక్టోబర్‌లో ఒకసారి, 2025 అక్టోబర్‌లో మరోసారి ఆఖరి రోజుల్లో ఆగింది. ‘తండ్రిలో చలనం లేదు’ అని రాయబోయే ముందు ఈ కేసు గుర్తు చేసుకోండి. షాక్‌లో ఉన్న మనిషి ఏడవచ్చు, నవ్వవచ్చు, బండిని ఎక్కడ పార్క్ చేశానా అని అడగవచ్చు.

అలాగని కుదపడం వల్ల హాని లేదని కాదు. పిల్లల డాక్టర్లలో ఎక్కువమంది ఈ డయాగ్నసిస్ సరైనదేనంటారు. మూడు లక్షణాలున్నంత మాత్రాన హింస అని తేల్చలేమని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2005లో చెప్పింది. ఆ మూడింటికీ కుదపడానికీ ఉన్న సంబంధానికి ఆధారాలు పరిమితమని స్వీడన్ వైద్య మూల్యాంకన సంస్థ 2016లో చెప్పింది, దాని మీద పిల్లల డాక్టర్ల నుంచి గట్టి అభ్యంతరాలూ వచ్చాయి. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2009లోనే కారణాన్ని సూచించే ‘షేకెన్ బేబీ’ బదులు ‘అబ్యూజివ్ హెడ్ ట్రామా’ వాడమంది. ఈ వాదన మీరు తేల్చేది కాదు. మీ చేతిలో ఉన్నది నోట్స్, శాంపిళ్లు.

శాంపిళ్ల దగ్గర ఒక తప్పు పదేపదే జరుగుతుంది. బిడ్డకు ప్లాస్మా, విటమిన్ కె ఎక్కించేసి, తర్వాత గడ్డకట్టే పరీక్షలకు రక్తం పంపుతారు. అప్పటికి అసలు లోపం కప్పబడిపోతుంది. రక్తం ముందు తీయండి, ట్యూబు మీద టైమ్ రాయండి. పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా అని అడిగి, జవాబును అలాగే రాయండి. ఇవ్వని పిల్లల్లో, ముఖ్యంగా తల్లిపాలే తాగేవాళ్లలో, మొదటి నెలల్లో మెదడులో రక్తస్రావం రావచ్చు. హీమోఫీలియా, గ్లుటారిక్ యాసిడూరియా లాంటివీ చూడాలి. ప్రసవం ఎలా జరిగిందో రాయండి. ఏ లక్షణమూ లేని 101 మంది నవజాత శిశువులకు ఎంఆర్‌ఐ చేసిన ఒక అమెరికన్ అధ్యయనంలో 46 మందికి చిన్న సబ్‌డ్యూరల్ కనబడింది. మూడు నెలలకల్లా దాదాపు అన్నీ తగ్గిపోయాయి.

ఇక నోట్స్. ‘తండ్రి కథ నమ్మశక్యంగా లేదు’ అని రాస్తే అది మీ అభిప్రాయం, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేదీ అదే. ‘సాయంత్రం ఆరున్నరకు సోఫా మీంచి కార్పెట్ మీద పడిందని తండ్రి చెప్పాడు. తల్లి ఆ సమయంలో వంటగదిలో ఉన్నానంది. బిడ్డ చివరిసారి మామూలుగా పాలు తాగింది నాలుగింటికి’ అని రాస్తే అది రికార్డు. ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో, మీరు ఏ ప్రశ్న అడిగితే చెప్పారో రాయండి. తల్లినీ తండ్రినీ విడివిడిగా అడగండి. తర్వాత ఏదైనా గుర్తొస్తే పాత ఎంట్రీ దిద్దకండి. తేదీ, టైమ్ వేసి ‘లేట్ ఎంట్రీ’గా చేర్చండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. కుటుంబం తెలుగువాళ్లయితే ‘మీ భాషే కదా, కాస్త అడిగి చెప్పు’ అని మిమ్మల్ని పిలుస్తారు. ఆ తల్లి కూడా ‘అక్కా, నువ్వే చెప్పు వాళ్లకి’ అని చెయ్యి పట్టుకుంటుంది. ధైర్యం చెప్పండి, మంచినీళ్లు ఇవ్వండి. జరిగినదాని గురించి మాత్రం సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటర్ వచ్చేదాకా అడగొద్దు, అనువదించొద్దు. అర్ధరాత్రయితే ఫోన్‌లో దొరుకుతారు. మీరు అనువదిస్తే రేపు సాక్షి మీరే. ఒక పక్క ఆసుపత్రి, మరో పక్క ఆ కుటుంబం, రెండిటి మధ్యా నలిగిపోతారు. ఎక్స్‌రే ఫొటో గానీ కేసు వివరాలు గానీ తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే ఉద్యోగమే పోవచ్చు.

సమన్లు వస్తే సొంతంగా ఏ లాయర్‌తోనూ మాట్లాడకుండా ముందు ఆసుపత్రి లీగల్ విభాగానికి పంపండి. బోనులో మీ నోట్స్ దాటి ఊహించకండి. ఎవరు చేసి ఉంటారని అడిగితే ‘అది నేను చెప్పగలిగేది కాదు’ అనండి. మళ్లీ అడుగుతారు. మళ్లీ అదే చెప్పండి.