ఓపెన్‌కాస్ట్ గనులు – భూగర్భ జలమట్టం

ఆక్విఫర్: నీటిని నిల్వ ఉంచుకుని బావులకు అందించే శిల లేదా ఇసుక పొర. దానిపై నీరు చొరని పొర ఉంటే పరిబద్ధ, లేకుంటే అపరిబద్ధ.

గని నీటిని తోడితే చుట్టూ జలమట్టం గరాటులా కుంగుతుంది: కోన్ ఆఫ్ డిప్రెషన్ (అడగొచ్చు).

కొలిచేది పీజోమీటర్. ఎంచుకున్న పొరలోకే తెరిచిన సన్నని గొట్టం. మామూలు బోరుతో తికమకపడొద్దు. అందులో పలు పొరల నీరు కలవొచ్చు.

కేంద్ర భూగర్భ జల బోర్డు కొలతలు: ఏటా 4 సార్లు. జనవరి, వేసవి, ఆగస్టు, నవంబర్. వేసవి–నవంబర్ తేడా వర్షాకాల రీఛార్జ్‌కు సూచిక.

సింగరేణి (బొగ్గు గనుల సంస్థ): గోదావరి లోయ, గోండ్వానా శిలలు. వాటా: తెలంగాణ 51%, కేంద్రం 49%.

నీరు: రాజ్యాంగం 7వ షెడ్యూల్, రాష్ట్ర జాబితా, ఎంట్రీ 17.

కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ: 1997, పర్యావరణ పరిరక్షణ చట్టం–1986, సెక్షన్ 3(3). బోర్డు వేరు, ఇది వేరు. ఆప్షన్లలో రెండూ ఇస్తే జాగ్రత్త.