వాలు ఎటుందో చూసుకోండి

పొద్దుటి షిఫ్టులో ఓవర్‌మన్ ఒక మాటంటే రాత్రి దాకా మనసు పాడు. క్యాంటీన్‌లో ఎవరో శభాష్ అంటే ఆ రోజంతా కాళ్లు నేల మీద నిలవవు. నస్పూర్‌లో బొగ్గు బాయికి పోయే కుర్రాళ్లలో, పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో ఈ ఊగిసలాట చూసినప్పుడల్లా వాళ్లకు ఓ మంచి ఆంప్లిఫయర్ విప్పి చూపించాలనిపిస్తుంది.

పాట లేనప్పుడు దాని ఔట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెడితే సున్నా రావాలి. కానీ లోపలి ట్రాన్సిస్టర్లు అచ్చంగా ఒక్కలా ఉండవు, వేడికి మారుతుంటాయి. ఇన్‌పుట్‌లో 2 మిల్లీవోల్టుల తేడా ఉంటే, 30 రెట్లు పెంచే ఆంప్లిఫయర్ దాన్ని 60 చేస్తుంది. చెవికి తెలియదు. స్పీకర్ కోన్ మాత్రం ఎప్పుడూ కాస్త ఒక పక్కకే జరిగి ఉంటుంది. అందుకే ఫీడ్‌బ్యాక్ దారిలో ఇంటిగ్రేటర్ పెడతారు. డీసీ సర్వో అంటారు దాన్ని. ఒక ఆప్‌ఆంప్, 1 మెగా ఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. కూడబెట్టడమే దాని పని. పాట పైకెంత పోతుందో కిందికీ అంతే పోతుంది కాబట్టి ఆ లెక్క కొట్టుకుపోతుంది. ఒకే వైపున్న ఆ 60 మాత్రం పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ ఇంటిగ్రేటర్ ఎదురు నెడుతుంది, సున్నా దగ్గరికి తెచ్చి అక్కడే పట్టి ఉంచుతుంది.

మీరూ అంతే చేయండి. ఒక్క నాగాతో కొంప మునగదు. జ్వరమొచ్చి ఉండొచ్చు, ఊళ్లో పెళ్లి ఉండొచ్చు. కొన్ని నెలల మస్టర్లు ముందు పెట్టుకోండి. జీతం పడ్డ మర్నాడే నాగా పడుతోందా? వాలు అక్కడుంది. ఒకరు కసిరితే వదిలేయండి. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు వేర్వేరు నెలల్లో "పూర్తిగా వినకుండానే జవాబిస్తావు" అంటే కాగితం మీద రాసుకోండి.

తొందర మాత్రం వద్దు. ఆ రెసిస్టరు, కెపాసిటరు కలిస్తే టైమ్ కాన్‌స్టంట్ ఒక సెకను. చెవికి అందే అతి మంద్రమైన స్వరం, 20 హెర్ట్జ్, ఒక్కసారి ఊగడానికి సెకనులో ఇరవయ్యో వంతే పడుతుంది. కెపాసిటర్ మరీ చిన్నది వేస్తే సర్వో బేస్‌ని కూడా తప్పనుకుని కోసేస్తుంది, డోలు దెబ్బలో బరువు పోతుంది. వారానికో టైంటేబుల్ మార్చే విద్యార్థి చదువుకు జరిగేదీ ఇదే. ఒక మాక్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయని పుస్తకం మార్చకండి. నాలుగైదు టెస్టుల్లో ఒకే చాప్టర్ దగ్గర జారితే దానికి రోజూ అరగంట ఇచ్చి, నెల ఆగి చూడండి.

సర్వో బలానికీ హద్దుంది. ట్రాన్సిస్టర్ షార్టై సప్లై మొత్తం స్పీకర్ మీద పడితే అది ఆపలేదు. అప్పుడు రిలే స్పీకర్‌ని వేరుచేయాల్సిందే. బాయిలో దిగేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: మీథేన్ 1.25 శాతం దాటితే సగటు లెక్కలుండవు, కరెంటు తీసేస్తారు. తాగుడు, ఆన్‌లైన్ బెట్టింగ్, ఇంట్లో చేయి చేసుకోవడం ఆ కోవలోవి. వీటికి నెల గడువు ఇచ్చుకోకండి. బెట్టింగ్ యాప్ ఇప్పుడే తీసేయండి, ఏటీఎం కార్డు ఇంట్లోవాళ్ల చేతికివ్వండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.