మైసూరు విశ్వవిద్యాలయము – మన పిల్లల చదువు

ప్రతి సంవత్సరము బడి తెఱచు దినములలో మా యొద్దకు వచ్చు తల్లిదండ్రులు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. “అయ్యా! మా వాడు ఇక్కడ తెలుగు చదివినచో రేపు విశ్వవిద్యాలయమున వెనుకబడడు గదా?” అని వారడుగుదురు. ఈ భయముచేతనే కొందఱు ఏడవ తరగతి ముగియగానే పిల్లలను మా బడినుండి మాన్పించి తీసికొనిపోవుచున్నారు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. బిడ్డల మేలు కోరియే వారట్లు చేయుచున్నారు. కాని ఆ భయమునకు ఆధారమెంత గలదో విచారింపవలసియున్నది. అందులకై ఈ కన్నడదేశమున అన్నిటికంటె పెద్దదియైన మైసూరు విశ్వవిద్యాలయమునే తీసికొని, అచ్చట బోధించినవారిని, చదివినవారిని, ఆటలలో పేరందినవారిని కొందఱిని ఇందు పరిచయము చేయుచున్నాము. పెద్దదియనగా ప్రాయమున పెద్దదియని మా యర్థము.

స్థాపన

ఈ విశ్వవిద్యాలయము 1916 జూలై 27వ తేదీన, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు మహారాజుగారి పాలనాకాలమున వెలసినది. బ్రిటిషువారి ప్రత్యక్షపాలనకు వెలుపల మన దేశమున ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయ మిదియే. అంతకుముందు మైసూరులోని మహారాజా కళాశాలయు, బెంగుళూరులోని సెంట్రల్ కళాశాలయు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములై యుండెను.

దీని స్థాపనకు మిక్కిలి పాటుపడినవారు ఆనాటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారు పుట్టినది మైసూరు రాజ్యమందలి ముద్దేనహళ్ళిలో. వారి పూర్వులు తెలుగునాటి మోక్షగుండమునుండి వలస వచ్చినవారని యింటిపేరే చాటుచున్నది. మనవలెనే తరముల వెనుక వచ్చి స్థిరపడిన కుటుంబము వారిది. దేశదేశముల ఉన్నతవిద్యా పద్ధతులను పరిశీలించి, ఈ సంస్థకు రూపురేఖలు సూచించినవారిలో థామస్ డెన్‌హాముగారితోపాటు చిత్తూరు సీమవారైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఒకరు. రెడ్డిగారు మహారాజా కళాశాలలో ఆచార్యులై, అధ్యక్షులై పనిచేసిరి. పిమ్మట 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులైరి. మైసూరులో గడించిన అనుభవము వారి వెంట తెలుగునాటికి పోయినది.

గురువులు

తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1918 మొదలు 1921 వఱకు ఇచ్చట తత్త్వశాస్త్రము బోధించిరి. వారు కలకత్తాకు బయలుదేరిన దినమున విద్యార్థులు గుఱ్ఱములను విప్పి, పూలతో అలంకరించిన బండిని తామే లాగి రైలుస్టేషనుకు చేర్చిరి. ఆ పిల్లలందఱు ఆయన భాషవారు కారు. గురుభక్తికి భాష అడ్డు రాలేదు.

మనము విశేషముగ స్మరింపవలసినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. అనంతపురము మండలమునుండి విద్యార్థియై మైసూరు చేరిన శర్మగారు 1912 మొదలు 1949 వఱకు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. ప్రాకృతమునందలి గాథాసప్తశతి సారమును తెలుగున వెలయించిరి. వేమనపై వారిచ్చిన ఉపన్యాసములు నేటికిని ప్రామాణికములు. ఉద్యోగవిరమణానంతరము తిరుపతి చేరి అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించి, అనేకములకు స్వరములు కూర్చిరి. కన్నడరాజధానిలో ముప్పదియేడేండ్లు తెలుగు చెప్పిన యొక పండితుడు తెలుగువారందఱికి మఱుగుపడిన నిధిని చూపినవారిలో ఒకరగుట మనకు గర్వకారణము, పాఠము కూడ.

శిష్యులు

కువెంపుగారు, అనగా కె. వి. పుట్టప్పగారు, బాల్యమున ఆంగ్లమున కవిత్వము వ్రాయుచుండెడివారు. ఐరిషు కవి జేమ్స్ కజిన్సుగారు ఆ పద్యములను చూచి, మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పిరి. ఆ మాట బాలుని మనసున నాటుకొనెను. మహారాజా కళాశాలలో చదివి, అచ్చటనే ఆచార్యులై, 1956లో ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి. ఆ పదవినందిన మొదటి పూర్వవిద్యార్థి వారే. మానసగంగోత్రి ఆవరణము వారి కృషి ఫలమే. శ్రీరామాయణ దర్శనమునకు 1967లో జ్ఞానపీఠ పురస్కారము లభించినది. ఆ కావ్యమును తమ గురువగు టి. ఎస్. వెంకణ్ణయ్యగారికి అంకితమిచ్చిరి.

రసాయనశాస్త్రవేత్త సి. ఎన్. ఆర్. రావుగారిని, ఇంట ఆంగ్లము మాటలాడుచున్నను, తండ్రి బడిలో కన్నడ మాధ్యమముననే చేర్పించిరి. అట్లు చదివిన బాలుడు 1951లో సెంట్రల్ కళాశాలనుండి మైసూరు విశ్వవిద్యాలయ పట్టభద్రుడై, 2014లో భారతరత్న బిరుదమునందెను. సెంట్రల్ కళాశాల 1964లో బెంగుళూరు విశ్వవిద్యాలయమున చేరినది.

ఆర్. కె. నారాయణ్ గారిది తమిళ కుటుంబము. మనవలెనే అల్పసంఖ్యాకులు. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో వారు ఒకమారు తప్పిరి. ఆ యేడు ఇంట గ్రంథపఠనమున గడపి, మరల వ్రాసి నెగ్గి, 1930లో పట్టభద్రులైరి. ఐదేండ్లకు వారి మొదటి నవల వెలువడినది. పరీక్ష తప్పిన బిడ్డను కసరుటకు ముందు తల్లిదండ్రులు ఈ సంగతి తలచుకొనుట మంచిది.

ఆటలు

ఆటలాడిన చదువు చెడునను మాట మన యిండ్లలో తఱచు వినబడును. ఎరపల్లి ప్రసన్నగారి చరిత్ర దీనికి సమాధానము. 1962లో భారత క్రికెట్ జట్టులో స్థానము పొంది వెస్టిండీసు వెళ్ళి వచ్చిన పిమ్మట, మైసూరులో ఇంజనీరింగు చదువు ముగించుటకై టెస్టు ఆటకు దూరముగ నుండిరి. పట్టము చేతికి వచ్చిన తరువాత 1967లో మరల జట్టున చేరి, మొత్తము 49 టెస్టులలో 189 వికెట్లు తీసిరి. జవగల్ శ్రీనాథుగారు కూడ మైసూరులోని జయచామరాజేంద్ర కళాశాలలో ఇంజనీరింగు చదివినవారే. టెస్టులలో వారు తీసిన వికెట్లు 236. వారి కాలమున ఆ కళాశాలలు ఈ విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. 1998లో సాంకేతిక విశ్వవిద్యాలయము వేఱుగ ఏర్పడినది.

ఒక ఆక్షేపణ

“కువెంపుగారికి, రావుగారికి మాతృభాషయు రాజ్యభాషయు ఒకటియే. మనకట్లు కాదు గదా!” అని మీరనవచ్చును. న్యాయమైన మాటయే. అందుచేతనే తెలుగు చాలును, కన్నడము వలదని మేమెన్నడును చెప్పము. అట్లు చెప్పిన బిడ్డలకు ద్రోహము చేసినవారమగుదుము. ఇరుగుపొరుగున, అంగడిలో, కార్యాలయమున, కళాశాలలో కన్నడము మన పిల్లలకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగ నేర్వవలెను. మా మనవి ఒక్కటే: తల్లిభాషలో చదువుటయు, ఆలోచించుటయు అలవడిన బిడ్డ రెండవ భాషను, మూడవ భాషను గట్టిపునాదిపై నిలుపుకొనును. పునాదిని తీసివేసి గోడ ఎత్తినచో నిలుచునా?

పైన చెప్పినవారందఱు అసాధారణులని మేమెఱుగుదుము. ప్రతి పిల్లవాడును అంతవాడు కాడు, కానక్కఱలేదు. కాని తెలుగు నేర్చుట విశ్వవిద్యాలయపు తలుపు మూయదనుటకు ఈ చరిత్ర సాక్ష్యము. ఆ తలుపులోపల తెలుగునకు పీఠము వేసి ముప్పదియేడేండ్లు గౌరవించినవారు కన్నడిగులే.

తల్లిదండ్రులకు మనవి

ప్రతిరాత్రి అరగంటసేపు బిడ్డచేత తెలుగు పుస్తకము పైకి చదివించుడు. ఇంటికి ఒక కన్నడ దినపత్రిక తెప్పించుడు. సాయంకాలము దీపములు పెట్టువఱకు ఆడుకొననిండు. ఏడవ తరగతి పిమ్మట బడి మార్చదలచినచో, మార్చుటకు ముందు ఒకమారు వచ్చి మాతో మాటలాడుడు. తుది నిర్ణయము మీదే.

ఇంట పిల్లలతో చర్చింపదగిన ప్రశ్నలు

1. రాళ్ళపల్లివారు మైసూరులో నేర్చినదేమి? తిరుపతికి కొనిపోయినదేమి?
2. ప్రసన్నగారు ఆటను ఆపి చదువు ముగించిరి. అట్టి సందర్భము నీకు వచ్చిన నీవేమి చేయుదువు?
3. మన కుటుంబము ఈ సీమకు ఎప్పుడు, ఏ యూరినుండి వచ్చినది? తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి వ్రాయుము.