విత్తనముతో వచ్చు తెగులు

మిరప, వేరుసెనగ, పొగాకు, మొక్కజొన్న తాతముత్తాతలనాటి పంటలని మన రైతులు తలంతురు. కాని యివి యన్నియు అమెరికా ఖండమున పుట్టినవి. 1492లో కొలంబసు సముద్రము దాటిన పిమ్మట ఓడలమీద లోకమంతట వ్యాపించినవి. గోధుమ, చెఱకు, గుఱ్ఱములు, ఆవులు అమెరికాకు పోయినవి. మశూచియు వానివెంట పోయి, అచ్చటి జనులను లక్షలకొలది పొట్టబెట్టుకొనెను.

ఓడ మేలునేకాక కీడును గూడ మోయునని తెలుపుటకు ఐర్లండు దేశపు కథ చాలును. దక్షిణ అమెరికా కొండలనుండి వచ్చిన బంగాళాదుంప ఐర్లండు పేదరైతులకు ముఖ్యాహారమయ్యెను. దుంపముక్కలనే విత్తనముగా నాటుటచే పిల్లమొక్కలన్నియు తల్లిమొక్క గుణమునే పొందును. అట్లు పేదల చేలలో చాలభాగము ఒకే రకముతో నిండెను. 1845లో అమెరికానుండి వచ్చిన బూజుతెగులు ఆ చేలపై పడెను. ఆకులు నల్లబడినవి, భూమిలోని దుంపలు క్రుళ్ళిపోయినవి. ఒక చేను తాళలేని తెగులునకు ప్రక్క చేనును తాళలేకపోయెను. 1852 నాటికి సుమారు 10 లక్షలమంది ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. ఇంచుమించు అంతమందియే దేశము విడిచిపోయిరి.

కావున సభ్యులు గమనింపవలసినవి:

1. క్రొత్త విత్తనమును మొదట కొద్ది నేలలో వేసి చూడవలెను.

2. ఊరంతయు ఒకే రకమును నమ్ముకొనరాదు.

3. తెగులు సోకిన చేనినుండి విత్తనము తీయరాదు.

తెగులు గట్లనెఱుగదు. ఒక్కరి జాగ్రత్త చాలదు, సంఘమంతయు పూనుకొనవలెను.